రోజుకెంత దూరం? అమ్మానాన్నలతో న్యూజిలాండ్ కారు ప్రయాణం

ప్రశ్న: వచ్చే ఫిబ్రవరి చివరలో నేను, నా భార్య, మా అమ్మానాన్నలు కలిసి న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళ్లి, కారు అద్దెకు తీసుకొని తిరగాలనుకుంటున్నాము. నాన్నగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. అమ్మకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. కారు నడిపేది నేనొక్కడినే. అక్కడ మాకు తొమ్మిది రాత్రులు దొరుకుతాయి. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి టెకాపో, మౌంట్ కుక్, వనాకా, ఫ్రాంజ్ జోసెఫ్, క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్ సౌండ్, డునెడిన్ చూసుకొని మళ్లీ క్రైస్ట్‌చర్చ్ చేరాలని అనుకున్నాము. మిల్ఫర్డ్ రోజు తప్ప మ్యాప్ ప్రకారం ఏ రోజూ ఐదు గంటలు దాటడం లేదు. ఇది పెద్దవాళ్లకు ఎక్కువవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఎక్కువే అవుతుంది, అదీ పెద్దవాళ్లకు మాత్రమే కాదు. మీరు రాసిన ఊళ్ల మధ్య దూరాలు కూడితే దాదాపు 2,400 కిలోమీటర్లు వస్తోంది. అంత దూరం ఒక్కరే నడుపుతూ, రోజూ సూట్‌కేసులు విప్పి సర్దుతూ తొమ్మిది రాత్రులు గడిపితే, తిరిగొచ్చాక మీకు గుర్తుండేది రోడ్డు మీది తెల్లగీత మాత్రమే.

మ్యాప్ చూపే సమయం ఎక్కడా ఆగని మనిషికి సంబంధించిన లెక్క. అక్కడి హైవేల మీద వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లే అయినా, చాలాచోట్ల అటొక వరుస ఇటొక వరుసగా ఉండే రోడ్లు, కొండ మలుపులు, ఒక్క వాహనమే పట్టే వంతెనలు కలిసి మీ సగటును 70కి దించుతాయి. పెద్దవాళ్ల కోసం గంటన్నరకొకసారి ఆగితే అది 50కి వస్తుంది. కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరాన్ని 50తో భాగించి చూసుకోండి. వచ్చిన సంఖ్య ఐదు దాటితే ఆ రోజు పథకం మార్చవలసిందే.

ఆగమని వాళ్లే అడుగుతారులే అనుకోవద్దు. మా అమ్మతో చేసిన ఒక ప్రయాణంలో ఆమె పొద్దుటి నుంచి మంచినీళ్ల సీసా మూత తీయలేదన్న సంగతి నేను సాయంత్రం గానీ గమనించలేదు. అడిగితే "మాటిమాటికీ బాత్రూమ్ కోసం నిన్ను ఆపడం ఎందుకులే నాన్నా" అంది. షుగర్ ఉన్న మీ నాన్నగారి విషయంలో ఈ మొహమాటం ప్రమాదకరం. అందుకే ఎక్కడ ఆగాలో బయలుదేరే ముందే నిర్ణయించి, అవసరం ఉన్నా లేకపోయినా అక్కడ ఆగండి. క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపోకు 225 కిలోమీటర్లు. దారిలో జెరాల్డిన్‌లో ఒకసారి, ఫెయిర్లీలో భోజనానికి ఒకసారి ఆగితే, పది గంటలకు బయలుదేరినవాళ్లు మూడింటికల్లా చేరతారు. అక్కడి మోటళ్లు సాధారణంగా ఉదయం పదింటికి గది ఖాళీ చేయమంటాయి, మధ్యాహ్నం రెండింటి తరువాతనే కొత్త గది ఇస్తాయి కనుక ఈ నడక వాటి వేళలకూ సరిపోతుంది.

నా సలహా ఇది: క్రైస్ట్‌చర్చ్‌లో రెండు రాత్రులు, టెకాపోలో రెండు, క్వీన్స్‌టౌన్‌లో రెండు, మిల్ఫర్డ్ దారిలోని టె అనావు అనే ఊళ్లో రెండు, చివరి రాత్రి మళ్లీ క్వీన్స్‌టౌన్‌లో. కారును అక్కడి విమానాశ్రయంలోనే అప్పగించి విమానం ఎక్కండి. వేరే ఊళ్లో అప్పగించినందుకు కొంత అదనంగా అడగవచ్చు, కానీ అది ఒక రోజంతా వెనక్కి నడపడం కంటే చౌక. మీరు నడిపే దూరం సుమారు 1,030 కిలోమీటర్లకు తగ్గుతుంది.

మొదటి రెండు రాత్రులు వృథా అనిపించవచ్చు. ఫిబ్రవరిలో న్యూజిలాండ్ గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఉదయం పదింటికి మీరు విమానం దిగితే మీ ఒంటికి అది తెల్లవారుజాము రెండున్నర. ఆ స్థితిలో, మనలాగే ఎడమవైపు నడిపే దేశమే కదా అన్న ధీమాతో, కొత్త కారుతో హైవే ఎక్కకండి. నాన్నగారి మాత్రలు లేదా ఇన్సులిన్ వేళలు ఈ తేడాకు ఎలా జరుపుకోవాలో బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకోండి.

టెకాపో నుంచి మౌంట్ కుక్‌కు 105 కిలోమీటర్లు. రెండు రాత్రులుంటారు కనుక మధ్య రోజున సామాను లేకుండా వెళ్లి రావచ్చు. పుకాకి సరస్సు ఒడ్డున సాగే ఆ రోడ్డు మీద, మబ్బు లేకపోతే, 3,724 మీటర్ల ఆ శిఖరం కారు అద్దంలోంచే ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. అమ్మగారు ఒక్క మెట్టు ఎక్కనవసరం లేదు. టాస్మన్ హిమానీనదం చూసే చోటికి మాత్రం మూడు వందలకు పైగా మెట్లున్నాయి, అది మీ దంపతులకు వదిలేయండి.

ఈ పథకంలో ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదాన్ని తీసేసినందుకు మీకు బాధ కలగవచ్చు. ఆ హిమానీనదం బాగా వెనక్కి తగ్గిపోయింది, ఇప్పుడు లోయలోంచి నడిచి మంచును తాకడం కుదరదు, దూరం నుంచి చూడవలసిందే. దానికోసం వనాకా నుంచి 285 కిలోమీటర్లు, అక్కడి నుంచి క్వీన్స్‌టౌన్‌కు 350 కిలోమీటర్లు నడపడం మీ పరిస్థితిలో గిట్టుబాటు కాదు.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్ఫర్డ్ సౌండ్. దాన్ని క్వీన్స్‌టౌన్ నుంచి ఒక్క రోజులో చూసి రావడమంటే రానూపోనూ 575 కిలోమీటర్లు, పైగా పడవ ప్రయాణం రెండు గంటలు. టె అనావులో బస చేస్తే రానూపోనూ 240 కిలోమీటర్లే. అది కూడా మీరు నడపకుండా బస్సుకు టికెట్ తీసుకోండి. దారిలోని ఎగ్లింటన్ లోయను, 1954లో తెరిచిన హోమర్ సొరంగాన్ని, దాని ముందు ఆగిన కార్ల రబ్బరు పట్టీలను ముక్కుతో పీకే కియా చిలుకలను డ్రైవరు కూడా తీరిగ్గా చూడగలిగే మార్గం అదొక్కటే. ఆ రోజు వాన పడితే దిగులుపడవద్దు. హైదరాబాద్‌లో ఏడాదంతా కలిపి మీటరు వాన కూడా పడదు, అక్కడ దాదాపు ఏడు మీటర్లు పడుతుంది. వాన వచ్చిన రోజే ఆ కొండల నిండా జలపాతాలు దూకుతాయి.

కారు ఎంపికలో ధర కంటే సీటు ఎత్తు చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారికి మరీ కిందికి కూర్చోవలసిన కారు, ఎగిరి ఎక్కవలసిన కారు రెండూ ఇబ్బందే. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, మోటల్‌లో కింది అంతస్తు గది అడగండి. ఒక్క వాహనం పట్టే వంతెన దగ్గరి బోర్డు మీద మీ దిశను చూపే బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఎదుటివారికి దారి ఇవ్వాలి. వెనక కార్లు పోగైతే, చోటు చూసి పక్కకు తీసి వాళ్లను పోనివ్వండి. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే అక్కడ చెల్లుతుంది, అయినా అద్దె సంస్థ అడగవచ్చు కనుక ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ కూడా దగ్గర ఉంచుకోండి.

బీమా విషయంలో పిసినారితనం పనికిరాదు. న్యూజిలాండ్‌లో ప్రమాదవశాత్తు గాయపడితే ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం పర్యాటకుల చికిత్సకు కూడా సాయం చేస్తుంది, కానీ జబ్బు చేస్తే అది వర్తించదు. కాబట్టి నాన్నగారి షుగర్ సంగతి దాచకుండా రాసి, దానికీ వర్తించే పాలసీ తీసుకోండి.

ప్రశ్న: పై పాఠకుడి లాగే మేమూ న్యూజిలాండ్ వెళుతున్నాము. మా అత్తగారు ఇంటి ఆవకాయ లేనిదే రానంటున్నారు. తీసుకెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తినే వస్తువు ఏదైనా సరే, ఒక్క బిస్కెట్ పొట్లమైనా సరే, ఆ దేశంలోకి ప్రవేశించేందుకు మీరు నింపి ఇచ్చే ప్రకటన పత్రంలో చెప్పి తీరాలి. చెప్పకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా వేయవచ్చు. చెప్పినందుకు ఎవరూ శిక్షించరు, మహా అయితే సీసా తీసుకుంటారు. ఇంటి సీసా కంటే దుకాణంలో కొన్న, లేబుల్ ఉన్న, మూత తెరవని డబ్బాకు అవకాశం ఎక్కువ. తేనె, పచ్చి కరివేపాకు, పండ్లు అసలు పెట్టుకోవద్దు. బూట్ల అడుగున మట్టి ఉన్నా అడుగుతారు, కడిగి సర్దండి. అక్కడి మోటల్ గదుల్లో చాలావాటికి చిన్న వంటిల్లు ఉంటుంది కనుక అన్నం, చారు మీరే వండుకోవచ్చు. బియ్యం, పప్పు, పచ్చళ్లు క్రైస్ట్‌చర్చ్‌లోని భారతీయ కిరాణా దుకాణాల్లో దొరుకుతాయి. అక్కడ రెండు రాత్రులు ఉండమన్న సలహా మీకు ఇందుకు కూడా పనికొస్తుంది. దక్షిణానికి పోయేకొద్దీ ఊళ్లు చిన్నవవుతాయి, టెకాపోలో కందిపప్పు కోసం వెతుక్కోవడం కంటే ముందే కొని డిక్కీలో వేసుకోవడం మేలు.