స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో అడ్వైజర్‌ని ఎప్పుడు కలవాలి?

అమెరికాలో స్కూల్ కౌన్సెలింగ్ మాస్టర్స్‌లో చేరుతున్నా, అడ్వైజర్‌ని ఎప్పుడు కలవాలి అని అడిగారు కదా, మొదటి సెమిస్టర్‌లోనే కలిసి ప్లాన్ ఆఫ్ స్టడీ, అంటే ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు చేయాలో రాసుకునే ప్లాన్, రాయించేసుకోండి, ఎందుకంటే కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే పెడతారు, అది మిస్సయిందంటే ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కి ముందు సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేసే కౌన్సెలింగ్ శిక్షణ) కూడా వెనక్కి పోతుంది. కేక్రెప్ (CACREP, కౌన్సెలింగ్ ప్రోగ్రామ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ అయితే కనీసం 60 సెమిస్టర్ క్రెడిట్స్, 100 గంటల ప్రాక్టికమ్, ఆ తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్.

జాగ్రత్తగా ఉండాల్సింది గంటల దగ్గరే. ప్రాక్టికమ్‌లో 40, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు డైరెక్ట్ సర్వీస్ ఉండాలి, అంటే పిల్లలతో కూర్చుని చేసే కౌన్సెలింగ్ లాంటివి, నోట్స్ రాసుకోవడం దాంట్లోకి రాదు. నా ఫ్రెండ్ ఒకామె గంటలు రాసుకునే లాగ్‌లో అన్నీ కలిపి ఒకే కాలమ్‌లో రాసేసింది, చివరి నెలలో లెక్క తీస్తే డైరెక్ట్ గంటలు చాల్లేదు, పాపం ఇంకో సెమిస్టర్ ఆగాల్సొచ్చింది. ఏ రోజువి ఆ రోజే విడివిడిగా రాసి, వారం వారం సూపర్‌వైజర్‌తో సంతకం పెట్టించుకోండి.

మార్కులొక్కటే కాదండీ, ఫీడ్‌బ్యాక్ ఎలా తీసుకుంటున్నారో కూడా ఫ్యాకల్టీ గమనిస్తారు. లైసెన్స్ రూల్స్ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం, అందుకే ఎక్కడ ఉద్యోగం చేద్దామనుకుంటున్నారో మొదటి మీటింగ్‌లోనే అడ్వైజర్‌కి చెప్పేయండి.