ట్రాక్టర్ హెడ్ బిగించిన అబ్బాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. దాళ్వా (రెండో పంట) దమ్ములో మా పాత ట్రాక్టర్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైమూత అయిన హెడ్ కింద ఉండే సీలు) పోయింది. పదో తరగతి పరీక్షలయ్యాక మావాడు మెకానిక్ పక్కన నాలుగు రోజులు కూర్చుని హెడ్ దించి మళ్లీ బిగించాడు. ఇప్పుడు ఇంటర్ వద్దంటున్నాడు. బంధువులేమో ఎంపీసీలో వేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంటర్ ఎందుకొద్దని అబ్బాయిని నిలదీయకండి. ఆ నాలుగు రోజులూ ఏం చేశాడో కూర్చోబెట్టి అడగండి. హెడ్ వంగిందేమోనని అడుగున స్టీల్ స్కేలు అంచు ఆనించి, సందులో ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూశాడా? వాల్వులు పేస్టు పెట్టి రుద్దాక, పోర్టులో (గాలి, పొగ వెళ్లే దారిలో) కిరోసిన్ పోసి కారుతోందేమో కనిపెట్టాడా? బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో బిగించాడా? ఒక మూల నుంచి వరసగా బిగించుకుంటూ పోతే హెడ్ సమంగా కూర్చోదు, కొత్త గాస్కెట్ కూడా పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ అసలెందుకు వేడెక్కిందని రేడియేటర్ చూశాడా? మన చేలల్లో ఊకా బురదా రెక్కల మధ్య పేరుకుపోతే గాలి ఆడదు. అది కడగకుండా హెడ్ బిగిస్తే వచ్చే దమ్ముకి మళ్లీ అదే ఖర్చు. ‘ఎందుకు పోయింది’ అని వాడంతట వాడు అడిగి ఉంటే, నాకు మార్కుల మెమో కన్నా అదే పెద్ద రుజువు.

అలాంటి పిల్లాడైతే ధైర్యంగా ఐటీఐలో చేర్చండి. ట్రాక్టర్ మెకానిక్, డీజిల్ మెకానిక్ రెండూ ఏడాది కోర్సులే. నేనైతే డీజిల్ అంటాను. రొయ్యల చెరువుల జనరేటర్లు, వరికోత యంత్రాలు, ఇంజిన్ పంపులు, డెల్టాలో ఎటు చూసినా ఆ పనే. తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పక చేయించండి, స్టైపెండ్ కూడా వస్తుంది.

లెక్కలంటే భయం లేకపోతే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మూడేళ్ల మెకానికల్ డిప్లొమా. ఆపైన డిప్లొమా వాళ్లకుండే ప్రవేశ పరీక్ష ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ఎంపీసీ చదవనంత మాత్రాన ఇంజినీరింగ్ దారి మూసుకుపోదని బంధువులకి చెప్పండి.

చదువు మాన్పించి షెడ్డులో మాత్రం పెట్టకండి. 2023 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 పొగ నిబంధనలు వచ్చాయి. వాటిలో చాలావాటికి డీజిల్ ఎంత, ఎప్పుడు కొట్టాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. చెవితో విని పట్టే పని కాదది.

ఫీజు కట్టేముందు అబ్బాయిని వెంటబెట్టుకుని ఐటీఐ వర్క్‌షాపు చూసి రండి. స్టాండు మీద విప్పిన ఇంజిన్లున్నాయా, టార్క్ రెంచి పిల్లల చేతిలో ఉందా, బీరువాలో ఉందా, మీకన్నా ముందు వాడే పట్టేస్తాడు.