వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి స్లీపరా, సెమీ స్లీపరా? అసలు రాత్రి ఎందుకండీ!

మొదటిసారి బస్సులో హైదరాబాద్ వెళ్తున్నాను, స్లీపర్ (పడుకునే బెర్తులు) మంచిదా సెమీ స్లీపర్ (వెనక్కి వాలే సీట్లు) మంచిదా అని అడిగారు. రెండూ వద్దు. పగలు కూర్చుని వెళ్లండి.

దూరం 620 కిలోమీటర్ల పైచిలుకు. అంతా ఒక్క ఊపులో వెళ్లాలని రూలేం లేదు. పొద్దున్నే ద్వారకా బస్‌స్టేషన్‌లో (మాకు అది ఎప్పటికీ ఆర్టీసీ కాంప్లెక్సే) విజయవాడ బస్సెక్కండి. అక్కడికి 350 కిలోమీటర్లు. రాత్రికి చుట్టాలిల్లో లాడ్జీయో చూసుకుని, మర్నాడు హైదరాబాద్ బస్సు పట్టుకోండి. నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి వరసగా ఉంటూనే ఉంటాయి.

స్లీపర్ నాకు పడదు. పై బెర్తులో దూరితే బీరువా అరలో చీరలా పడుండడమే. మద్దిలపాలెం, గురుద్వారా, ఎన్ఏడీ, గాజువాక అని ఎక్కడికక్కడ ఆపుకుంటూ ఊరు దాటేసరికే సగం ఓపిక అయిపోతుంది. నిద్ర పట్టీ పట్టగానే ఏదో డాబా దగ్గర లైట్లన్నీ వేసి లేపుతారు. అక్కడ ఆడవాళ్ల బాత్రూమ్‌కి గొళ్లెం ఉండదు. ఇక భయం సంగతి. 2013లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది కాలిపోయారు, 2025 అక్టోబరులో మళ్లీ కర్నూలు దగ్గర అలాంటిదే. రెండూ తెల్లవారకముందే, జనం నిద్రలో ఉండగానే. ఏ బస్సెక్కినా సరే, అత్యవసర ద్వారం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూసుకున్నాకే కూర్చోండి.

పగటి బస్సులో మజా వేరు. ఒకసారి ఎలమంచిలిలో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నారు. తుని దాటగానే లేచి, "అన్నవరం ప్రసాదం ఎవరికి కావాలి?" అని బస్సంతా తిరిగి డబ్బులు వసూలు చేశారు. కౌంటర్ దగ్గర డ్రైవరు రెండే నిమిషాలన్నాడు. ఆయన దిగి, భుజం మీది తువ్వాలు పరిచి పొట్లాలన్నీ అందులో మూటగట్టి, హారన్ మోగుతుండగా ఎక్కేశారు. అడ్డాకు పొట్లాల్లో వేడివేడి గోధుమరవ్వ ప్రసాదం. నెయ్యి కారి నా టికెట్టు మీద అక్షరాలు కనపడకుండా పోయాయి.

అసలు తమాషా చిల్లర దగ్గర మొదలైంది. ఆయనది బటన్ ఫోను, జనం దగ్గరేమో ఫోన్‌పే తప్ప చిల్లర లేదు. "ఏటమ్మా, ఐదు పొట్లాలు పట్టుకుని నాలుగుకే ఇచ్చావేటి?" అని ఒకావిణ్ని అడిగితే, "బాబాయ్, ఐదోది వెనక సీటాయనది, ఆయన్నడుగు" అని ఆవిడ. వెనక సీటాయన నిద్ర నటించాడు. కడియపులంక నర్సరీలు పూలతో రెండువైపులా వెళ్లిపోతున్నాయి, లెక్క తేలలేదు. జొన్నాడ వంతెన మీద గౌతమీ గోదావరి కనపడగానే అందరూ కిటికీలవైపు తిరిగి నాణేలు వేస్తుంటే, ఆయన మాత్రం "చిల్లర లేదన్నారుగా, ఇవెక్కణ్నుంచి వచ్చాయి?" అని కేకలు. చివరికి రావులపాలెంలో అరటిపళ్లు కొనిచ్చి ఆవిడే రాజీ చేసింది.

ఇలాంటివి స్లీపర్‌లో జరగవు. కర్టెన్ లాక్కుని ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు, అదీ స్పీకర్ పెట్టి.

సీటు కుడివైపు తీసుకోండి, పొద్దుటి ఎండ ఎడమవైపు కొడుతుంది. వెనక చక్రం మీది సీటు మాత్రం వద్దు, గతుకుగతుక్కీ నడుం పట్టేస్తుంది. ఇంకోటి, ఇప్పుడు కొన్ని బస్సులు రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దగ్గర తిరిగి కొవ్వూరు మీదుగా గుండుగొలను వెళ్లిపోతున్నాయి. టైము కలిసొస్తుంది గానీ నర్సరీలూ పోతాయి, రావులపాలెం అరటిపళ్లూ పోతాయి. ఎక్కేముందే డ్రైవర్ని అడగండి.