టెక్ సందేహాలు: ఊక బూడిద, దోమల కాయిల్, ఎయిర్ ప్యూరిఫయర్

ఈ వారం ఉత్తరాల్లో ఫోన్ల సంగతి, లాప్‌టాప్‌ల సంగతి వెనక్కి పోయి గాలి ముందుకొచ్చింది. దాళ్వా కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెడుతున్న రోజులివి. పొద్దు వాలేసరికి గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లకు ఆ వాసన తెలుస్తోంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఎయిర్ ప్యూరిఫయర్ల మీదే. మొదటి ఉత్తరంలాంటివి చాలా వచ్చాయి కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

మాది మండపేట దగ్గర ఊరు. ఇంటికి అర కిలోమీటరు దూరంలో రైస్ మిల్లు ఉంది. డాబా మీద బట్టలారేస్తే నల్లటి బూడిద పడుతోంది. మావయ్యగారికి ఆయాసం. ఏడేళ్ల పాపకి పొగ తగిలితే పిల్లికూతలు వస్తాయి. ఎయిర్ ప్యూరిఫయర్ కొందామని మావారు అంటున్నారు. పది పన్నెండు వేలు పెట్టగలం. ఏ కంపెనీది మంచిది? హాల్లో పెట్టాలా, పడగ్గదిలోనా?

అమ్మా, కంపెనీ సంగతికి తర్వాత వద్దాం. మీ ఇంట్లోకి వస్తున్నది ఏమిటో ముందు తేల్చుకోవాలి. బట్టల మీద పడేది మిల్లు బాయిలర్లో ఊక కాల్చినప్పుడు ఎగిరే బూడిద. కంటికి కనిపించేంత పెద్దది కాబట్టి గాలిలో ఎక్కువసేపు నిలవదు, డాబా మీదో కిటికీ గట్టు మీదో వాలిపోతుంది. దాన్ని తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది. ప్యూరిఫయర్ పని కంటికి కనిపించనిదానితో. దాన్నే పీఎం 2.5 అంటారు, అంటే రెండున్నర మైక్రాన్లకు మించని రేణువులు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇవి అందులో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులోనూ గొంతులోనూ ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేవి ఇవే. గడ్డి పొగ, ఇటుక బట్టీ పొగ, నీళ్లు కాగడానికి కొబ్బరి మట్టలు పెట్టే పొయ్యి పొగ, అగరుబత్తి, దోమల కాయిల్, అన్నింటిలోనూ ఎక్కువగా ఉండేది ఈ సన్న రేణువే.

కాయిల్ దగ్గర కాస్త ఆగుతాను. మీ ఉత్తరంలో ఆ మాట లేదు, అయినా అడగకుండా ఉండలేను. చుట్టూ కాలవలు, చెరువులు, వరి చేలు ఉన్న ప్రాంతం మనది. చీకటి పడితే దోమలు. తలుపులు బిగించి, కాయిల్ వెలిగించి, ఆ గదిలోనే పిల్లల్ని పడుకోబెడతాం. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదానితో సమానం. మిల్లు అర కిలోమీటరు దూరంలో ఉంది, కాయిల్ మంచం కింద ఉంది. అందుకే మెషీన్ కన్నా ముందు దోమతెర కొనండి, కిటికీలకు మెష్ కొట్టించండి. దేవుడి దగ్గర అగరుబత్తి, సాంబ్రాణి మానమని చెప్పను. మావయ్యగారు, పాప ఆ గదిలో లేనప్పుడు, కిటికీ తీసి వెలిగించండి. ఈ రెండూ చేశాక మెషీన్ మీద పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

ఇక మెషీన్. డబ్బా మీద ముందు వెతకాల్సింది సీఏడీఆర్ అనే అంకె. శుభ్రమైన గాలిని గంటకు ఎన్ని ఘనపు మీటర్లు ఇవ్వగలదో అది చెబుతుంది. మీ పడగ్గది 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. మొత్తం 1,320 ఘనపుటడుగులు. ఒక ఘనపు మీటరుకు సుమారు 35 ఘనపుటడుగులు, అంటే గదిలో దాదాపు 37 ఘనపు మీటర్ల గాలి ఉంది. ఆయాసం ఉన్నవాళ్ల గదిలో ఈ గాలంతా గంటకు ఐదుసార్లయినా ఫిల్టర్ గుండా వెళ్లిరావాలి. 37ని ఐదుతో హెచ్చిస్తే 185. మీకు కావాల్సిన కనీస సీఏడీఆర్ అదే.

కానీ 185 ఉన్న మెషీన్ కొనవద్దు. డబ్బా మీద రాసే అంకె ఫ్యాను అత్యధిక వేగంలో తిరిగినప్పటిది. ఆ వేగంలో వచ్చే హోరుకు ఎవరికీ నిద్ర పట్టదు. రాత్రి స్లీప్ మోడ్‌లో పెడితే వచ్చే గాలి అందులో చిన్న భాగమే. 300 నుంచి 350 దాకా ఉన్నది తీసుకుని మధ్య వేగంలో నడపండి. చప్పుడు తగ్గుతుంది, పని జరుగుతుంది. ‘500 చదరపు అడుగులకు సరిపోతుంది’ లాంటి మాటను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. చాలాసార్లు అది గంటకు ఒకటి రెండుసార్లు గాలి మారితే చాలనుకుని వేసిన లెక్క. పైగా మన ఇళ్ల పైకప్పులు పదడుగులు. ఎనిమిది అడుగుల కప్పుకు వేసిన లెక్క మనకు సరిపోదు.

ఫిల్టర్ హెపా అయి ఉండాలి. అంటే సన్న రేణువుల్ని కూడా పట్టుకునే మడతల ఫిల్టర్. హెచ్13 అని రాసి ఉంటే, పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైన సైజు రేణువుల్లో కూడా 99.95 శాతం ఆపుతుందని అర్థం. ‘హెపా టైప్’, ‘హెపా లాంటిది’ అని ఉంటే వదిలేయండి.

హాల్లో వద్దు, పడగ్గదిలోనే పెట్టండి. హాలు తలుపు రోజంతా తీసి మూస్తూనే ఉంటారు, అక్కడ ఎంత మెషీన్ అయినా బయటి గాలితో పోరాడుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిది గంటలు ఒకే గదిలో పీల్చే గాలి బాగుంటే రోజులో మూడోవంతు బాగున్నట్టే. వీలైతే ఈ నెలలు మావయ్యగారు, పాప ఒకే గదిలో పడుకునే ఏర్పాటు చేయండి. గోడకు ఆనించకుండా జానెడు దూరం వదలండి. కర్టెన్ వెనక, మంచం కింద పెట్టకండి.

ఏసీ లేని గదిలో ఏప్రిల్ నెలలో కిటికీలు మూయడమెలా అని మీరు అడుగుతారని తెలుసు. రాత్రంతా మూయక్కర్లేదు. గడ్డి పొగ వస్తున్న గంటల్లో మూసి, సీలింగ్ ఫ్యాను వేసి, మెషీన్ పెద్ద వేగంలో పెట్టండి. ఫ్యాను వల్ల నష్టం లేదు, గది మూలల్లో గాలిని కూడా మెషీన్ దగ్గరికి తెస్తుంది. పొగ తగ్గాక కిటికీ తీసుకోండి. కిటికీ తీసి ఉన్నంతసేపూ మెషీన్ చేసేది చాలా తక్కువ, ఆపేయండి. ఏసీ ఉన్నవాళ్లకు ఒక మాట. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పుతుంది. అందుకని పొగ లేని వేళ రోజూ కాసేపైనా కిటికీలు తీయాలి.

ఇప్పుడు కంపెనీ. కొనాలనుకున్న మోడల్ ఫిల్టర్ విడిగా ఎంత, మీ పిన్‌కోడ్‌కు పంపుతారా అన్నది మెషీన్ కొనకముందే చూడండి. ఫిల్టర్ ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. మెషీన్ చవకగా ఇచ్చి ఫిల్టర్ దగ్గర రాబట్టుకునేవి ఉన్నాయి. ఫిల్టర్ దొరకని మెషీన్ ఒట్టి ఫ్యానే. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అవుతుందా అని కూడా అడగండి. రాత్రి రెండింటికి కరెంటు పోయి వస్తే, లేచి బటన్ నొక్కేవాళ్లు ఎవరుంటారు? బిల్లు గురించి టెన్షన్ వద్దు. 40 వాట్ల మెషీన్ రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు.

తెచ్చిన రోజే వెనక మూత తీసి చూడండి. చాలా మోడళ్లలో ఫిల్టర్‌ను ప్లాస్టిక్ కవర్‌తో సహా లోపల పెట్టి పంపుతారు. మా బంధువుల ఇంట్లో నాలుగు నెలలు ఆ కవర్ తీయకుండానే నడిపారు. పెద్దాయనకు ఏమీ తేడా లేదని ఫోన్ చేస్తే, వెళ్లి చూసి తీశాను. ఆ నాలుగు నెలలూ ఆయన పడ్డ ఇబ్బంది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మెషీన్ వచ్చిందని మావయ్యగారి ఇన్‌హేలర్ మాత్రం తగ్గించకండి. అది డాక్టరుగారు చెప్పాల్సిన మాట.

రెండో ఉత్తరం: పాలకొల్లులో ఉంటాను, రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. జనవరిలో ప్యూరిఫయర్ కొన్నాను. సాయంత్రం తెర మీద 40 చూపిస్తుంది. తెల్లవారుజామున మంచు పడుతున్నప్పుడు కిటికీ తీస్తే 180 దాటిపోయేది. మెషీన్ పాడైనట్టా? ఫోన్ యాప్‌లో మా ఊరికి ఇంకో అంకె కనిపిస్తోంది.

మెషీన్ బాగానే ఉంది మాస్టారూ. అందులో చిన్న లేజర్ కిరణం ఉంటుంది. దాని దారిలో రేణువు అడ్డొస్తే వెలుగు చెదురుతుంది, ఆ చెదురును బట్టి లెక్క కడుతుంది. అడ్డొచ్చింది బూడిదా, నీటి బిందువా అన్నది దానికి తెలియదు. గాలిలో తేమ 80 శాతం దాటితే సన్న రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. మంచు బిందువులు కూడా అందులో కలుస్తాయి. అందుకే అంకె అసలుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అలాగని అదంతా తేమేనని కొట్టిపారేయలేం. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, రాత్రి పొగ నేలబారుగా అలాగే ఉండిపోతుంది. భోగి మంటల రోజు మీరే గమనించి ఉంటారు. ఎండ ఎక్కి మంచు విడిచాక కూడా అంకె దిగకపోతే అప్పుడు నమ్మండి. ఏడాదికోసారి సెన్సర్ రంధ్రాన్ని పొడి దూది పుల్లతో తుడవండి.

యాప్ సంగతి వేరు. ఊరి పేరు కొడితే యాప్ చూపే అంకె ఆ ఊళ్లో కొలిచిందే కానక్కర్లేదు. కొన్ని యాప్‌లు ఉపగ్రహాల సమాచారంతో అంచనా కడతాయి. రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం దగ్గర కాలుష్య నియంత్రణ మండలి యంత్రం ఉంది, కానీ పాలకొల్లు గాలికి దాన్ని ప్రమాణంగా తీసుకోలేం. ఇంకో తికమక కూడా ఉంది. మెషీన్ తెర మీద ఉండేది సాధారణంగా ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములన్నది. యాప్‌లో ఉండేది ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచిక. పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములుంటే మన దేశపు ఏక్యూఐ 100 అవుతుంది, అదే గాలికి అమెరికా లెక్కలో 150 దాటుతుంది. మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టుకున్న పరిమితి కూడా ఆ అరవయ్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మీ సాయంత్రం 40 ఈ రెండింటి మధ్య ఉంది. కాబట్టి కిటికీలు మూసి మెషీన్ వేశాక అరగంట, గంటలో అది ఎంతకు దిగుతోందో చూడండి. దిగుతూ ఉంటే మెషీన్ పని చేస్తున్నట్టే.

భీమవరంలో ఇల్లు. వానాకాలం వస్తే గోడలు చెమర్చి, బీరువాలో బట్టలకు, పుస్తకాలకు బూజు పడుతుంది. ముక్క వాసన. ప్యూరిఫయర్ పెడితే పోతుందని షాపులో చెప్పారు.

పోదు. గాలిలో తేలే బూజు రేణువుల్ని హెపా పట్టుకుంటుంది, గోడ మీద పెరుగుతున్న బూజును ఆపలేదు. గోడ తడిగా ఉన్నంతకాలం అది పెరుగుతూనే ఉంటుంది. పైగా తడి గాలిలో రోజుల తరబడి ఆపి ఉంచితే ప్యూరిఫయర్ ఫిల్టర్‌కే వాసన పడుతుంది. మీకు కావాల్సింది గాలిలో తేమను నీళ్లుగా లాగేసే డీహ్యూమిడిఫయర్. దానికన్నా ముందు మేస్త్రీని పిలిచి పిట్టగోడ పగుళ్లు, బాత్‌రూమ్ పైపులు చూపించండి. నీరు దిగుతున్న గోడను ఏ మెషీన్ ఆరబెట్టలేదు.

కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది. ముందు అది కొనండి. 60 శాతం లోపు ఉంచగలిగితే బూజుకు బలం తగ్గుతుంది. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో రెండు మూడు గంటలు వేసి చూడండి, అదే సరిపోవచ్చు. డీహ్యూమిడిఫయర్ మీద రోజుకు 12 లీటర్లు, 20 లీటర్లు అని రాసేది సాధారణంగా 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దగ్గర కొలిచిన అంకె. మన వానాకాలం కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి ఆ అంకె మనకు బాగానే వర్తిస్తుంది. అయితే అది ప్యూరిఫయర్‌కన్నా చాలా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, గదిని కొద్దిగా వేడి చేస్తుంది.

రాజోలు దగ్గర మాది పాత మండువా ఇల్లు, పెంకుల కప్పు. పెద్ద ప్యూరిఫయర్ ఒకటి మండువాలో పెడితే ఇల్లంతటికీ సరిపోతుందా? పక్కనే రొయ్యల చెరువులు, ఆ వాసన కూడా పోవాలి.

మండువా మీద ఆకాశమే ఉంది కదండీ. అక్కడ ఎంత పెద్దది పెట్టినా ఊళ్లో గాలిని వడపోస్తున్నట్టే. పెంకుల సందుల్లోంచి కూడా గాలి వస్తుంది. ఇంట్లో ఒక గదికి సీలింగ్ కొట్టించి, తలుపు సందులు బిగించి, ఆ గదికి తగ్గ చిన్న మెషీన్ పెట్టుకోండి.

వాసనను హెపా పట్టలేదు, అది యాక్టివేటెడ్ కార్బన్ పని. వాసనల్ని పీల్చుకునేలా తయారు చేసిన బొగ్గు అది. ఆ కార్బన్‌ను కొబ్బరి చిప్పల నుంచి కూడా తయారు చేస్తారు, మీ కోనసీమ వాళ్లకు ఇది తెలిసిన సరుకే. వాసన పట్టుకోవాలంటే కార్బన్ బరువు ఎక్కువ ఉండాలి. చవక మెషీన్లలో నల్లటి పల్చని గుడ్డలాంటిది పెట్టి కార్బన్ ఫిల్టర్ అంటారు. అది కొద్ది వారాల్లో నిండిపోతుంది. చెరువు గట్ల నుంచి వచ్చేది అమ్మోనియా వాసన అయితే మామూలు కార్బన్ దాన్ని సరిగా పట్టుకోలేదు కూడా. చెరువు వాసన కోసమే అయితే ఈ డబ్బు ఖర్చు పెట్టవద్దని నా సలహా.

కాకినాడ నుంచి. ఒకే మోడల్లో అయానైజర్, యూవీ లైటు, వైఫై ఉన్నదానికి మూడు వేలు ఎక్కువ. తీసుకోవచ్చా?

ఆ మూడు వేలు రెండో ఫిల్టర్‌కు దాచుకోండి. అయానైజర్ అంటే గాలిలోకి విద్యుదావేశం ఉన్న కణాలను వదిలేది. వాటిలో కొన్ని ఓజోన్ అనే వాయువు వదులుతాయి, అది ఊపిరితిత్తులకు మంట పుట్టిస్తుంది, ఆయాసం ఉన్నవాళ్లకు మరీ. ఇప్పటికే కొని ఉంటే ఆ బటన్ ఆపేసి వాడండి. ఓజోన్‌తోనే గాలి శుభ్రం చేస్తామని చెప్పే మెషీన్ అయితే ఇంట్లోకే తేవద్దు. ఇళ్లకు వచ్చే మెషీన్లలో గాలి, క్రిముల్ని చంపడానికని పెట్టిన యూవీ లైటు ముందు నుంచి క్షణంలో దాటిపోతుంది, దానికి డబ్బు పెట్టేంత పని జరగదు. వైఫై ఉంటే ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడే ఆన్ చేసుకోవచ్చు, అంతవరకే. ఫిల్టర్‌కు ముందుండే జాలీని పదిహేను రోజులకోసారి కడగండి, నీడలో పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. లోపలి హెపా ఫిల్టర్‌ను మాత్రం నీళ్లలో పెట్టకండి, ఒకసారి తడిస్తే ఆ కాగితపు మడతలు ఇక పని చేయవు.