ఫిల్టర్ తీసేయ్, రిలేషన్ పెట్టు

తమ్ముడూ,

విండోస్ ఫారమ్స్‌లో డేటాబేస్ ఫారం కట్టడం మీద నీ వ్యాసం చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. మైక్రోసాఫ్ట్ నమూనా డేటాబేస్ నార్త్‌విండ్‌ని ఎంచుకోవడమూ మంచిదే. కానీ పైన ఆర్డర్లు, కింద ఎంచుకున్న ఆర్డర్ వివరాలు చూపే మాస్టర్-డీటైల్ ఫారం దగ్గరికొచ్చేసరికి కోపమొచ్చింది. కింది గ్రిడ్‌లో ఆర్డర్ డీటైల్స్ 2155 వరుసలూ కనబడుతున్నాయని, పై గ్రిడ్‌లో వరుస మారినప్పుడల్లా మోగే సెలెక్షన్‌చేంజ్డ్ ఈవెంట్‌లో, కావలసిన వరుసలనే ఉంచే ఫిల్టర్ రాయించావు. దానికి ‘పరిష్కారం’ అని శీర్షిక కూడా పెట్టావు.

అన్ని వరుసలూ ఎందుకొచ్చాయో ముందు చెప్పాలి కదా. కింది గ్రిడ్‌కి డేటా అందించే రెండో బైండింగ్‌సోర్స్‌కి డేటాసోర్స్‌గా డేటాసెట్‌నీ (మెమరీలోని టేబుళ్ల సమూహం), డేటామెంబర్‌గా టేబుల్ పేరునీ ఇచ్చావు. పైన ఏ ఆర్డర్ మీద ఉన్నామో దానికి తెలిసే దారే లేదు. డేటాసోర్స్‌గా మొదటి బైండింగ్‌సోర్స్‌నే ఇవ్వు, డేటామెంబర్‌గా రెండు టేబుళ్లనీ ఆర్డర్ఐడీతో కలిపే రిలేషన్ పేరు ఇవ్వు. 10248వ ఆర్డర్ మీద నిలబడితే కింద మూడే వరుసలు ఉంటాయి. ఈవెంట్‌లో ఒక్క లైనూ అక్కర్లేదు.

రెండు టేబుళ్ల సంబంధం డేటాది, ఫారంది కాదు. దాన్ని ఈవెంట్లలో రాసేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే. నీ ఫిల్టర్ ఎక్కడ కూలుతుందో చూడు. సర్వరు నుంచి టేబుళ్లు నింపే ఫిల్ జరుగుతుండగానే ఈవెంట్ మోగితే కరెంట్‌రో (ఇప్పుడున్న వరుస) ఖాళీగా ఉంటుంది. పై గ్రిడ్ చివరి ఖాళీ వరుస మీదికి వెళితే ఆర్డర్ఐడీ ఉండకపోవచ్చు, అప్పుడు ఫిల్టర్ వాక్యం సగంలో తెగి ఎర్రర్ ఇస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం: కింద కొత్త వరుస చేర్చితే ఆర్డర్ఐడీ దానంతటది పడదు, నల్ (ఖాళీ విలువ) కుదరదని గ్రిడ్ మొరాయిస్తుంది. రిలేషన్ ద్వారా కడితే పేరెంట్ (ఆర్డర్) కీ చైల్డ్ (డీటైల్) వరుసలోకి తనే వచ్చి చేరుతుంది.

నీ వ్యాసంలో పద్నాలుగు స్క్రీన్‌షాట్లున్నాయి, ‘ఏం తప్పుతుంది’ అన్న భాగం మాత్రం లేదు. సంపాదకులు చోటు చాలదని ముందు కత్తిరించేది ఆ భాగాన్నే. లాగి వదిలితే చాలు, ఫారం తయారు అనే ఫ్యాషన్ అలాగే పెరిగింది. వాళ్లకి భయపడి నువ్వే ముందుగా కోసుకోకు.

ఇక సేవ్. దీనికి నువ్వు ఒక్క పేరా ఇచ్చావు. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఆర్డర్ఐడీ నంబరు సర్వరు ఇస్తుంది. నింపిన టేబుల్‌లో ఆఖరి నంబరు 11077, మెమరీలో తాత్కాలిక నంబర్లు వేసే ఆటోఇంక్రిమెంట్ స్టెప్ (పెంపు) 1 అయితే నీ కొత్త ఆర్డర్లు 11078, 11079 అవుతాయి. ఈలోగా వేరొకరు 11078 సేవ్ చేశారనుకో. సర్వరు నీ మొదటి ఆర్డర్‌కి 11079 ఇస్తుంది, అది నీ రెండో ఆర్డర్‌తో ఢీకొంటుంది. అందుకే సీడ్ (మొదటి నంబరు), స్టెప్ రెండూ -1 పెట్టాలి, అప్పుడు తాత్కాలిక నంబర్లు -1, -2 అవుతాయి. ఇన్సర్ట్ తర్వాత SQL సర్వరు ఫంక్షన్ స్కోప్_ఐడెంటిటీతో అసలు నంబరు తెచ్చుకోవాలి. @@ఐడెంటిటీ వాడితే, ట్రిగ్గర్ (సర్వరులో తనే నడిచే కోడ్) ఇంకో టేబుల్‌లో వరుస చేర్చినప్పుడు ఆ టేబుల్ నంబరు వచ్చి పడుతుంది.

వచ్చిన నంబరు పిల్ల వరుసలకి పాకాలంటే ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ (చైల్డ్‌లోని నంబరు పేరెంట్‌లో ఉండి తీరాలనే నియమం) ఉండాలి, దాని అప్‌డేట్‌రూల్ క్యాస్కేడ్‌లో (పేరెంట్ మారితే చైల్డూ మారేలా) ఉండాలి. కోడ్‌లో డేటారిలేషన్ చేర్చితే మామూలుగా రెండూ వస్తాయి. విజువల్ స్టూడియో విజార్డ్ టేబుళ్ల మధ్య గీసే గీత మాత్రం ‘రిలేషన్ ఓన్లీ’. దాన్ని తెరిచి ‘బోత్ రిలేషన్ అండ్ ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్’ ఎంచుకుని, అప్‌డేట్‌రూల్ క్యాస్కేడ్ చెయ్యకపోతే చైల్డ్ వరుసలు -1తోనే సర్వరుకి వెళ్లి 547 (ఫారిన్ కీ) ఎర్రర్‌తో తిరిగొస్తాయి. కన్‌స్ట్రెయింట్ పెట్టాక ఆర్డర్లు ముందు, డీటైల్స్ తర్వాత ఫిల్ చెయ్యి.

సర్వరుకి పంపే వరుసక్రమం: మొదట చైల్డ్ డిలీట్లు, తర్వాత పేరెంట్ మార్పులన్నీ, చివరికి చైల్డ్ ఇన్సర్ట్లు, అప్‌డేట్లు. వరుసల్ని టేబుల్ సెలెక్ట్‌తో డేటావ్యూరోస్టేట్ (చేర్చినవా, మార్చినవా, తీసేసినవా) ఇచ్చి ఏరుకో. గెట్‌చేంజెస్ వాడకు, అది మార్పుల కాపీ ఇస్తుంది; కొత్త నంబరు కాపీలో పడుతుంది, నీ అసలు టేబుల్‌లో -1 అలాగే ఉంటుంది. విజువల్ స్టూడియో 2008 నుంచి వచ్చిన టేబుల్‌అడాప్టర్‌మేనేజర్ పేరెంట్, చైల్డ్ మార్పుల క్రమం తనే చూసుకుంటుంది. అయినా అది ఏం చేస్తోందో పాఠకుడికి చెప్పు.

పైన గ్రిడ్ బదులు టెక్స్ట్‌బాక్సులు పెడితే ఇంకో చిక్కు. కొత్త ఆర్డర్ ఎండ్‌ఎడిట్ (రాసినది ఖాయం చేయడం) అయ్యేదాకా టేబుల్‌లో చేరదు. వాడేవాళ్లు నేరుగా కింది గ్రిడ్‌లోకి దిగితే పేరెంట్ లేదని ఎర్రర్. కింది గ్రిడ్‌లోకి దిగగానే మోగే ఎంటర్ ఈవెంట్‌లో పై బైండింగ్‌సోర్స్ ఎండ్‌ఎడిట్ పిలువు. ఈవెంట్ కోడ్ ఈ ఫారంలో నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.

తిరగరాసి పంపే ముందు ఫారంని ఇలా పరీక్షించు. సేవ్ చెయ్యకుండా రెండు కొత్త ఆర్డర్లు, ఒక్కోదానికి రెండేసి వరుసలు చేర్చు. ఒక ఆర్డర్‌లో ఒకే ప్రొడక్ట్ రెండుసార్లు వద్దు, డీటైల్స్ టేబుల్‌లో ప్రైమరీ కీ (వరుసని గుర్తించే, రెండుసార్లు రాకూడని విలువ) ఆర్డర్ఐడీ, ప్రొడక్ట్ఐడీ కలిపి. తర్వాత సేవ్ నొక్కి, కింది గ్రిడ్‌లో ఎక్కడైనా -1, -2 మిగిలాయేమో చూడు.