నది కోసం నడిపే హేచరీ: కొత్తగా బాధ్యత తీసుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికాలో కొలంబియా ఉపనది మీద చినూక్ సాల్మన్ హేచరీ (చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం) నీ చేతికొచ్చిందని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ముందు లెక్క సరిచేసుకో. ఏటా ఎన్ని లక్షల పిల్లల్ని వదిలావన్నది అసలు లెక్క కాదు. అవి సముద్రం చూసి తిరిగొచ్చి, గులకరాళ్లలో గుడ్లు పెట్టి, ఆ గుడ్లలోంచి పుట్టినవి మళ్లీ ఎన్ని తిరిగొచ్చాయన్నదే లెక్క. చినూక్ ఎక్కువగా మూడు నుంచి ఐదేళ్లకు తిరిగొస్తుంది. అంటే రెండు తరాలు చూడాలంటే దాదాపు పదేళ్లు. నిధులిచ్చేవాళ్లు మొదటి లెక్కే అడుగుతారు. అడిగింది ఇవ్వు, నిర్ణయాలు మాత్రం రెండో లెక్క చూసి తీసుకో.

చేపలు ఎందుకు తగ్గాయో తేలకుండా గుడ్లు పొదిగించడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. ఆనకట్టా, రోడ్డు కింద చేప ఎక్కలేని తూమా, ఎండాకాలంలో వేడెక్కే నీళ్లా? కోహో అనే ఇంకో రకం సాల్మన్ వాన పడగానే పట్టణపు వాగుల్లో ఎందుకు చచ్చిపోతున్నాయో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. టైర్ల రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం మారి విషమవుతోందని 2020లో తేలింది. అలాంటి వాగులో ఎన్ని పిల్లల్ని వదిలినా తల్లి చేప గుడ్లు పెట్టేలోపే పోతుంది. కాబట్టి నది బాగుచేసే పని, హేచరీ పని ఒకే ప్రణాళికలో ఉండాలి.

తల్లి చేపల్ని అదే నదిలోంచి తీసుకో. దగ్గరే కదా అని పక్క నది గుడ్లు తెచ్చుకోవద్దు. ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు గుడ్లు పెట్టాలి అన్నది ఆ నది నీటికి తగ్గట్టు తరతరాలుగా కుదిరిన విషయం. చాలా చోట్ల జరిగే తప్పు ఇంకోటి ఉంది. సీజన్ మొదట్లో వచ్చిన చేపలతోనే కోటా నింపేసి, ఇక చాలనుకుంటారు. కొన్ని తరాలు గడిచేసరికి మొత్తం రాక ముందుకు జరిగిపోతుంది, ఆలస్యంగా వచ్చే వరస మాయమవుతుంది. మొదటి వారం నుంచి చివరి వారం దాకా, వచ్చిన సంఖ్యకు తగిన పాళ్లలో తీసుకో. పెద్దవే ఏరుకోవద్దు. చిన్న వయసులో తిరిగొచ్చే జాక్ మగవాటికీ కొంత చోటివ్వు. నదిలో పుట్టిన చేపలు మూడు దొరికితే ఒకటి నీకు, రెండు గుడ్లు పెట్టడానికి నది పైకి. నా లెక్క ఇదే. నీ ట్యాంకు నింపడానికి నదిని ఖాళీ చేయకు.

జత కట్టించే రోజు తొందరపడకు. పది మగవాటి వీర్యం ఒకే బకెట్లో కలిపి పోస్తే పని సులువే, కానీ ఒకటి రెండు మగవే ఎక్కువ పిల్లలకు తండ్రులవుతాయి, మిగతా వాటి వంశం బాగా తగ్గిపోతుంది. ఒక ఆడదానికి ఒక మగది. చేపలు మరీ తక్కువైతే ఒక్కో ఆడదాని గుడ్లను రెండు మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి వేరే మగదాన్ని వాడు. ప్రతి చేప రెక్క నుంచి చిన్న ముక్క కత్తిరించి దాచు. తల్లిదండ్రులందరి జన్యు నమూనా ఉంటే రేపు తిరిగొచ్చే ప్రతి చేపా ఎవరి బిడ్డో చెప్పొచ్చు. ఒక్క జత నమూనా పోయినా వాటి పిల్లలు నదిలో పుట్టిన వాటిలా లెక్కకొస్తాయి.

గిన్నె పొడిగా ఉండాలి. నీటి చుక్క తగిలిందంటే వీర్యకణాలు అప్పుడే కదలడం మొదలుపెట్టి నిమిషంలోపే అలసిపోతాయి. ముందు గుడ్లు, వాటి మీద వీర్యం, చేత్తో మెల్లగా కలిపి, అప్పుడు నీళ్లు. గుడ్లు పగిలి సొన కారితే ఆ సొన గుడ్డు మీది సూక్ష్మ రంధ్రాన్ని మూసేస్తుంది. 0.9 శాతం ఉప్పు నీళ్లతో కడిగి, తర్వాతే వీర్యం కలుపు. గుడ్లు నీళ్లు పీల్చుకుని గట్టిపడ్డాక 100 పీపీఎం అయోడిన్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచు. మెత్తటి (ఖనిజాలు తక్కువున్న) నీళ్లయితే ఆ ద్రావణం ఆమ్లంగా మారి గుడ్లనే చంపుతుంది. పీహెచ్ 6 కంటే కిందికి పోకుండా సోడా బైకార్బొనేట్ వెయ్యి.

అయోడిన్ గుడ్డు పైనున్న క్రిముల్నే చంపుతుంది. బాక్టీరియల్ కిడ్నీ వ్యాధి క్రిమి గుడ్డు లోపలే దాక్కుని తల్లి నుంచి బిడ్డకు పోతుంది. అందుకే ప్రతి ఆడదాని కిడ్నీ నమూనా క్రిమి ఎంతుందో చెప్పే ఎలైజా పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా దాని గుడ్లు వేరే ట్రేలో, దాని నంబరుతోనే ఉంచు. క్రిమి మోతాదు ఎక్కువ వచ్చిన తల్లి గుడ్లు పక్కన పెట్టడం బాధే, అయినా తప్పదు.

ట్రేల దొంతరకు నిమిషానికి సుమారు 15 లీటర్ల నీళ్లు పారాలి. నీళ్లు 14 డిగ్రీలు దాటితే గుడ్లు చావడం మొదలవుతుంది. రోజుల్ని క్యాలెండర్‌తో కాదు, డిగ్రీ-రోజులతో లెక్కపెట్టు: 10 డిగ్రీల నీళ్లలో ఒక రోజు అంటే 10. చినూక్‌కు సుమారు 250 దగ్గర గుడ్డులో నల్లటి కళ్లు కనబడతాయి, 500 దగ్గర పొదుగుతుంది, 900 నుంచి 1000 మధ్య పచ్చసొన సంచి కరిగి పిల్ల మేతకు సిద్ధమవుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు దాటాక, కళ్లు కనబడేదాకా ట్రే కదపొద్దు. ఆ దశలో చిన్న కుదుపుకే పిండం పోతుంది. కళ్లు వచ్చాక మాత్రం కావాలనే గుడ్లను ఒక పాత్రలోంచి ఇంకోదాంట్లోకి ఒంపాలి. ఫలదీకరణం కానివి ఆ దెబ్బకు తెల్లబడతాయి. మర్నాడు ఏరెయ్యి, లేకపోతే బూజు వాటి మీద పట్టి పక్కవాటికి పాకుతుంది.

పొదిగిన పిల్లలు గింగిరాలు తిరుగుతూ, పక్కకు ఒరిగి చనిపోతుంటే నీటిని అనుమానించే ముందు థయమిన్ (విటమిన్ బి1) చూడు. 2020లో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ హేచరీల్లో ఇదే జరిగింది. తల్లులు సముద్రంలో ఎక్కువగా ఆంకోవీలనే చిన్న చేపలే తినడం వల్ల గుడ్లలో ఆ విటమిన్ తగ్గింది. పిల్లల్ని థయమిన్ నీళ్లలో ముంచితే తేరుకుంటాయి, తల్లులకు ముందే ఇంజెక్షన్ ఇస్తే ఇంకా మంచిది.

మేత విషయంలో ఒక్క మాట: తొందరగా పెంచాలని ఎక్కువ పెట్టకు. బాగా బలిసిన మగ పిల్లలు సముద్రానికే పోకుండా ముందే ముదిరిపోతాయి. లెక్కలో అవి స్మోల్టులే (సముద్రానికి వెళ్లడానికి సిద్ధమైన పిల్లలే), తిరిగి మాత్రం రావు.

వదిలే ముందు కొన్ని వారాలైనా పిల్లలు సొంత నది నీళ్లలోనే ఉండాలి. స్మోల్టుగా మారే దశలోనే ఆ నీటి వాసన వాటి మనసులో పడుతుంది. లారీలో దూరం తీసుకెళ్లి వదిలితే బతికేవి పెరగొచ్చు, కానీ తిరిగొచ్చేటప్పుడు దారి తప్పి వేరే నదులెక్కుతాయి. చెరువు తలుపు తీసి, వెళ్లాలనుకున్నవాటిని వెళ్లనివ్వు. నీటి రకం కూడా చూసుకో. ఐడహోలో రెడ్‌ఫిష్ లేక్ అనే సరస్సుకు చెందిన సాకై రకం సాల్మన్ కోసం 2013లో స్ప్రింగ్‌ఫీల్డ్ హేచరీ తెరిచారు. పిల్లలు ఆరోగ్యంగా పెరిగాయి, వదిలాక చాలా మటుకు చనిపోయాయి. అక్కడి నీళ్లు కఠినం, వాగు నీళ్లు మెత్తన, ఒక్కసారిగా మారేసరికి తట్టుకోలేకపోయాయి. మధ్యరకం నీళ్లలో కొన్నాళ్లు ఉంచి పంపడం మొదలుపెట్టాక పరిస్థితి మెరుగైంది.

వదిలే పిల్లల కొవ్వు రెక్క (వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క) కత్తిరించకు. రెక్క లేని చేపను చాలా చోట్ల జాలరి ఇంటికి తీసుకుపోవచ్చు. ముక్కులో 1.1 మిల్లీమీటర్ల తీగ గుర్తు పెట్టిస్తే చాలు, నది ఎక్కే చేపల్ని ఆపే అడ్డుకట్ట దగ్గర డిటెక్టర్ చూపగానే ఏది నీది, ఏది నదిదో తెలుస్తుంది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమంటావా? ఒరెగాన్‌లో హుడ్ నది స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లొచ్చే ట్రౌట్ చేప) మీద 2007లో వచ్చిన అధ్యయనంలో, హేచరీలో గడిపిన ఒక్కో తరానికి నదిలో సంతానం నిలబెట్టుకునే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోయింది. ఐడహోలోని జాన్సన్ క్రీక్‌లో నెజ్ పర్స్ అనే ఆదివాసీ తెగవాళ్లు నదిలో పుట్టిన చేపల్నే తల్లిదండ్రులుగా వాడారు. అక్కడ 2012 నాటి పరిశీలనలో అలాంటి నష్టం కనబడలేదు. దీనికో సూత్రం ఉంది. హేచరీ తల్లిదండ్రుల్లో నదిలో పుట్టినవాటి వాటాను, ఆ వాటాకు నదిలో గుడ్లు పెట్టే హేచరీ చేపల వాటా కలిపిన మొత్తంతో భాగించు. ఫలితం 0.67 కంటే తగ్గకూడదు. లోపల 60 శాతం నది చేపలు, బయట 30 శాతం హేచరీ చేపలు ఉంటే సరిగ్గా అంచున ఉన్నట్టు. అంకె పడిపోతే అడ్డుకట్ట దగ్గర నీ చేపల్ని పైకి పంపడం తగ్గించు.

రెడ్‌ఫిష్ లేక్‌లా 1991 నుంచి 1998 వరకు మొత్తం 16 సాకై చేపలే తిరిగొచ్చిన చోట ఈ అంకె చూసే పరిస్థితి ఉండదు, ఉన్నవాటిని కాపాడుకోవడమే పని. నీ నది ఆ స్థితిలో లేదని ఆశ. నదిలో పుట్టినవి ఎన్ని వరుస సంవత్సరాలు ఏ సంఖ్య దాటితే పిల్లల్ని వదలడం తగ్గిస్తావో, ఎప్పుడు ఆపేస్తావో మొదటి గుడ్డు తీయకముందే కాగితం మీద పెట్టి అందరితో సంతకం చేయించు. గత ఐదేళ్ల రాక లెక్కలు, నెలవారీ నీటి ఉష్ణోగ్రతలు, నీటి కాఠిన్యం పంపు. అవి చూశాకే తల్లి చేపల సంఖ్య ఎంతో కూర్చుని తేల్చుకుందాం.

ఆశీస్సులతో,
అన్నయ్య