ఎక్సెల్‌లో త్రీడీ స్కాటర్ చార్ట్: బోరుబావుల లోతులను తిప్పి చూసే పద్ధతి

ఒక్కో బోరుకు తూర్పు దూరం, ఉత్తర దూరం, లోతు అని మూడు నిలువు వరుసలు ఉన్నాయనీ, వాటిని త్రీడీ స్కాటర్‌గా (మూడు కొలతలను బట్టి చుక్కలు పెట్టే చార్టుగా) గీద్దామంటే ఎక్సెల్ చార్టుల జాబితాలో అది కనబడటం లేదనీ ఒకరు రాశారు. ఎక్సెల్‌లో అటువంటి చార్టే లేదు. సర్ఫేస్ చార్టు మూడు కొలతలనూ చూపుతున్నట్టే ఉంటుంది గానీ, నేల మీది రెండు అక్షాల విలువలనూ సంఖ్యలుగా కాక వర్గాల పేర్లుగా తీసుకుని సమానమైన ఎడంతో పేరుస్తుంది కనుక, 200 మీటర్ల దూరంలో ఉన్న బోర్లూ 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోర్లూ ఒకే ఎడంలో కనిపిస్తాయి. బోర్ల విషయంలో అది తప్పుడు బొమ్మే అవుతుంది.

మా ప్రాంతపు భూగర్భజలాల లెక్కలకు నేను వాడుతున్న పద్ధతి వేరు. మూడు కొలతలను సూత్రాలతో రెండుకు కుదించి, వాటిని మామూలు స్కాటర్ చార్టులో గీస్తాను. ముందుగా తూర్పు, ఉత్తర దూరాలలోంచి వాటి వాటి మధ్య విలువను (కనిష్ఠ, గరిష్ఠాల సగటును) తీసివేసి, రెండింటినీ ఒకే సంఖ్యతో, అంటే వాటి వ్యాప్తులలో (గరిష్ఠం − కనిష్ఠం) పెద్దదానితో భాగించండి. వేర్వేరు సంఖ్యలతో భాగిస్తే ఊరి పటం ఒక పక్కకు సాగిపోతుంది. లోతును గరిష్ఠ లోతుతో భాగించి 0.5 లోంచి తీసివేస్తే వచ్చేది ఎత్తు. భూమట్టం 0.5 దగ్గర, అన్నిటికన్నా లోతైన బోరు అడుగు −0.5 దగ్గర ఉంటాయి.

తరువాత రెండు గడులలో రెండు కోణాలు పెట్టుకోవాలి. మొదటిది చుట్టూ తిప్పే కోణం (త), రెండవది పైనుంచి చూసే కోణం (ప). సూత్రాలు ఇవి:

అడ్డం = తూర్పు × కాస్(త) − ఉత్తరం × సైన్(త)
వెనుక = తూర్పు × సైన్(త) + ఉత్తరం × కాస్(త)
నిలువు = ఎత్తు × కాస్(ప) + వెనుక × సైన్(ప)

ఎక్సెల్ కోణాలను రేడియన్లలోనే తీసుకుంటుంది కనుక డిగ్రీలను ముందే మార్చాలి. ‘అడ్డం’, ‘నిలువు’ అని పైన లెక్కగట్టిన విలువల వరుసలతో స్కాటర్ చార్టు గీసి, రెండు అక్షాల హద్దులనూ −1 నుంచి 1 వరకు బిగించండి. అలా బిగించకపోతే కోణం మారిన ప్రతిసారీ ఎక్సెల్ కొలబద్దను మార్చేస్తుంది, బొమ్మ తిరగడానికి బదులు ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. డెవలపర్ ట్యాబ్‌లోని స్క్రోల్‌బార్లను రెండు కోణాల గడులకూ కలిపితే మౌస్‌తోనే తిప్పి చూడవచ్చు. సూత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చుకోవడం తేలిక: త 0, ప 90 డిగ్రీలు పెట్టినప్పుడు మీ ఊరి పటం యథాతథంగా రావాలి.

ఈ చార్టుకు నిజంగా ప్రాణం పోసేవి ఎర్రర్ బార్లు, అంటే ఒక్కో చుక్క నుంచి ఎక్సెల్ గీసే గీతలు. చుక్కలు మాత్రమే ఉంటే ఏది దగ్గరిదో ఏది లోతైనదో కంటికి అందదు. నిలువు ఎర్రర్ బార్లను పైవైపుకు మాత్రమే పెట్టి, కస్టమ్ విలువగా (లోతు ÷ గరిష్ఠ లోతు) × కాస్(ప) ఉన్న వరుసను ఇవ్వండి. ప్రతి చుక్క నుంచి భూమట్టం దాకా ఒక గీత లేస్తుంది, ఆ గీతే బోరు. నీరు పడిన బోర్లను, పడని వాటిని రెండు వేర్వేరు సిరీస్‌లుగా పెడితే రంగు కూడా తోడవుతుంది. ఖాళీ అనుకుని ‘అడ్డం’ విలువల వరుసలో అక్షరాలు గానీ ఉత్త కొటేషన్ గుర్తులతో ("") ఖాళీ చూపే సూత్రం గానీ ఉంచకండి. అవి ఉంటే ఎక్సెల్ మీ విలువలను పక్కనపెట్టి 1, 2, 3 అని తనే వేసుకుంటుంది.

కొన్ని మైక్రోసాఫ్ట్ 365 చందాలలో ఎక్సెల్‌లోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను వాడి, అందులో బొమ్మలు గీసే సాధనమైన మాట్‌ప్లాట్‌లిబ్‌తో ఇటువంటి బొమ్మ గీయవచ్చు. కానీ అది గడిలో స్థిరచిత్రంగానే వస్తుంది, మౌస్‌తో తిరగదు. లోతును కన్ను పట్టుకునేది తిరుగుతున్నప్పుడే కనుక నేను స్క్రోల్‌బార్ల పద్ధతినే ఎంచుకుంటాను. నివేదికను కాగితం మీద అచ్చువేసేటప్పుడు మాత్రం ఒక్క త్రీడీ బొమ్మతో సరిపెట్టకుండా, ప 90 డిగ్రీల వద్ద పై చూపును, ప 0 వద్ద ఉంచి త 0కి ఒకటి, 90కి ఒకటి చొప్పున రెండు పక్క చూపులను కూడా జతచేయండి.